లెక్కకు రాని ముప్పై సెకన్లు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను రాసిన కాగితాలు చాలా ఉన్నాయి. ఎక్కువ వాటిని ఎవరూ చదవలేదు. నాలుగు వరుసల కాగితం ఒక్కటి మాత్రం మేనేజరు చదివాడు, వకీలు చదివాడు, పోలీసులు చదివారు. ఒక ఊరు ఊరంతా దాని గురించి చెప్పుకుంది. అందులోని ప్రతి అంకె నిజం. అయినా ఆ కాగితం అబద్ధం చెప్పింది, కింద నా సంతకం ఉంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకసారి వినాలని ఇది రాస్తున్నాను. వినడానికి బాగుండే కథ కాదు.

మాది చేవెళ్ల. మా తాత కాలం నుంచి ప్రార్థనా కుటుంబం. బడికంటే ముందు నేను బైబిల్ వాక్యం చదవడం నేర్చుకున్నాను. సంఘంలో పెద్దగా ఉన్నాను, పాస్టరు ఊళ్లో లేని ఆదివారాలు నేనే వాక్యం చెప్పేవాణ్ని. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞ మీద మూడుసార్లయినా మాట్లాడి ఉంటాను. నా గొంతు బాగుంటుందని అందరూ అనేవారు.

ఉద్యోగం మొయినాబాద్‌లో, ఒక ప్రైవేటు దవాఖానలో. రోజూ పొద్దున బస్సెక్కి వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేవాణ్ని. నా పని డేటాబేస్ చూసుకోవడం. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఏ జబ్బు, ఏ మందు పడింది, ఏది పడలేదు, అన్నీ అందులో ఉండేవి. మొదట్లో ఆ యంత్రం మెట్ల కింద చిన్న గదిలో ఉండేది. తర్వాత క్లౌడ్‌లోకి, అంటే ఎక్కడో దూరాన అద్దెకు తీసుకున్న యంత్రాల్లోకి, మార్చాం. ఆ క్లౌడ్ ఎక్కడుంటుందని కౌంటర్లో వాళ్లు నన్ను అడిగేవారు. "చందనవెల్లి దిక్కు కంప్యూటర్లకు పెద్ద పెద్ద బిల్డింగులు కట్టిండ్రు గద, అండ్ల ఉంటదేమో" అని నేనూ నవ్వేవాణ్ని. నిజానికి ఎక్కడుందో నాకూ తెలియదు.

ఈ కథ అర్థం కావడానికి రెండు సంగతులు తెలిస్తే చాలు.

మొదటిది, డేటాబేస్ తన లోపలే ఒక పట్టిక రాసుకుంటుంది. ఏ ప్రశ్న (మనం వెతికే ప్రతిదీ దానికి ఒక ప్రశ్నే) ఎన్నిసార్లు అడిగారు, జవాబివ్వడానికి సగటున ఎంతసేపు పట్టింది, అన్నిటికంటే ఎక్కువ ఎంత పట్టింది. నేను వారానికోసారి ఆ అంకెలు తీసి, రంగులు వేసి, మీటింగులో పెట్టేవాణ్ని. అన్నీ పచ్చగా ఉండేవి.

రెండోది, నేను పెట్టిన ఒక నియమం. ఒకసారి బిల్లింగ్ వాళ్ల పెద్ద రిపోర్టు ఒకటి ఇరుక్కుపోయి దవాఖాన మొత్తం గంటసేపు ఆగిపోయింది. అప్పుడు నేను, ఏ ప్రశ్నయినా ముప్పై సెకన్లు దాటితే డేటాబేస్ దాన్ని తనంతట తానే రద్దు చేసేటట్టు పెట్టాను. మళ్లీ ఎప్పుడూ దవాఖాన ఆగలేదు. మీటింగులో చప్పట్లు కొట్టారు. ముప్పై అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. నోటికి వచ్చిన అంకె అది.

నేను రిటైర్ కావడానికి ఏడాది ముందు, వానాకాలంలో, ఒక సోమవారం పొద్దున పది గంటలకు ఒక మనిషిని ఆటోలో తెచ్చారు. నలభై ఏళ్లుంటాయి. మొయినాబాద్ దాటినాక రోడ్డు మీద బండి జారి పడ్డాడు. కాలు చీరుకుపోయింది, తలకు దెబ్బ తగిలి మాట స్పష్టంగా రావడం లేదు. తెచ్చినవాళ్లు దారిన పోయేవాళ్లు, అతనెవరో తెలియదు. జేబులో ఫోను మోగితే ఎత్తి ఇంటివాళ్లకు చెప్పారు, ఆ ఫోనులో అతని నంబరు కౌంటర్లో చూపించారు.

కౌంటర్లో ఉన్నది చేవెళ్ల పక్క ఊరి కోడలు. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి. అత్తగారింట్లో కొద్దిగా వ్యవసాయం, కూలి పని; డిగ్రీ చదివిందని దవాఖానలో పెట్టుకున్నారు. అప్పటిదాకా మధ్యాహ్నం డ్యూటీ చేసేది, పొద్దుటి డ్యూటీకి మారి నాలుగు రోజులే అయింది. ఆమె ఆ ఫోను నంబరు కొట్టి వెతికింది. తెర మీద గుండ్రం తిరిగింది, తిరిగింది, చివరకు "రికార్డు లేదు" అని వచ్చింది. లోపలి నుంచి డాక్టరు, పాత రికార్డు ఏమన్నా ఉందా అని అరిచాడు. లేదు సార్ అని చెప్పి కొత్త పేషంటు నంబరు వేసింది. పుండు చెడకుండా ఇంజెక్షన్ ఇచ్చారు. అరగంటలో అతను చనిపోయాడు.

గంట తర్వాత అతని భార్య వచ్చింది, చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో మా దవాఖాన కాగితమే ఉంది, రెండేళ్ల కిందటిది. అతనికి ఏ మందు పడదో దాని మీద ఎర్ర సిరాతో రాసి ఉంది. ఇంజెక్షన్‌లో ఇచ్చింది ఆ మందే.

గురువారం నాడు విచారణ పెట్టారు. మేనేజరు గది. మేనేజరు, ఇద్దరు డాక్టర్లు, దవాఖాన వకీలు, నేను, కంప్యూటర్ తెర మీద కనిపించేవన్నీ తయారు చేసే మా ప్రోగ్రామర్ అమ్మాయి, కౌంటర్ సీనియర్ ఒకతను. మధ్యలో ఆ కోడలు నిలబడి ఉంది.

మేనేజరు కంప్యూటర్ తన వైపు తిప్పుకొని అదే ఫోను నంబరు కొట్టాడు. రికార్డు టక్కున వచ్చింది, ఆ మందు పడదని చెప్పే ఎర్ర గీతతో సహా.

"చూడు. రెప్ప కొట్టే లోపల వచ్చింది. నీకెందుకు రాలే?"

"నేను ఎతికిన సార్. చానా సేపు తిరిగింది. అరనిమిషం తిరిగింది. తర్వాత లేదన్నది."

"అరనిమిషమా? గడియారం చూసినవా?"

"లేదు సార్, గంతసేపు అనిపించింది."

"అనిపించింది! నంబరన్న సరిగ్గ కొట్టినవా?"

"కొట్టిన సార్. ఆటోల తెచ్చినాయన చూపెట్టిన ఫోన్ల చూసే కొట్టిన."

మేనేజరు నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి సార్. మన సర్చ్ ఎప్పుడన్న అరనిమిషం తీసుకున్నదా?"

నా దగ్గర కాగితం తయారుగా ఉంది. ఆ వారం మొత్తంలో ఆ వెతుకులాటకు పట్టిన అత్యధిక సమయం అర సెకను లోపే. ఆ సోమవారం పది గంటలకు బరువైన పని ఏదైనా నడుస్తున్నదా అని కూడా చూశాను. వారానికి ఒకే ఒక పెద్ద పని ఉంది, అది సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరది. కాబట్టి ఆమె చెప్పిన అరనిమిషం ఎక్కడా లేదు. అదే చదివాను, నాలుగు వరుసలు. నా గొంతు బాగుంటుందని చెప్పాను కదా.

ప్రోగ్రామర్ అమ్మాయి మాత్రం మెల్లగా అంది: "సార్, మన స్క్రీన్ నుంచి పోయిన సర్చ్‌లు, డేటాబేస్ లెక్క పెట్టిన సర్చ్‌లు ఒకటి కావట్లే. కొన్ని తక్కువ పడ్తున్నయి. మీకు పోయిన నెల మెయిల్ గూడ పెట్టిన."

పెట్టింది నిజమే. ఇరవయ్యో ముప్పయ్యో తేడా, నెట్ సరిగా లేనప్పుడు అట్లా జరుగుతుందిలే అని పక్కన పెట్టాను. ఇప్పుడు అందరి ముందు అన్నాను: "డేటాబేస్ అబద్ధం చెప్పదమ్మా. మనుషులు చెప్తరు."

కోడలు నా ముఖం చూసింది. ఏడవలేదు. తన చేతులు తానే చూసుకుంది, ఆ చేతులతో ఏం కొట్టిందో గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

అదే రోజు ఆమెను తీసేశారు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని చనిపోయినతని భార్య పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులో దవాఖాన వాళ్లు ఆమె పేరే ముందు పెట్టించారు, నా కాగితం జతచేశారు. ఊళ్లో మాట ఎట్లా పాకుతుందో మీకు తెలుసు. ఆమె మగనికి కూలికి పిలుపులు తగ్గాయట. అత్త, ఆమె చేతి నీళ్లు తాగడం మానేసిందట. ఇవన్నీ చేవెళ్ల బస్టాండులో విన్నాను. విని, వాక్యంలో ఉన్నట్టు పాపానికి జీతం అట్లానే ఉంటుందని నాలో నేను అనుకున్నాను. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది, అయినా రాస్తున్నాను. ఎందుకంటే అప్పుడు నేను ఉన్నది అట్లాగే.

మూడు నెలలు గడిచాయి.

మా సంఘంలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు ఆ వారం తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. ఆ రోజు నేనే నడిపిస్తున్నాను. ఒకామె లేచి, కొడుకుకు విషజ్వరం వస్తే సంఘమంతా ఉపవాస ప్రార్థన చేసిందని, పిల్లవాడు లేచి కూర్చున్నాడని చెప్పింది. అందరం స్తోత్రం అన్నాం. ఆమె తర్వాత ఇంకో ఇద్దరు లేచారు, వాళ్లవీ స్వస్థతలే. నేను ఉత్సాహంగా అన్నాను: "చూసిండ్రా, ప్రార్థన చేసిన ప్రతి ఇంట్ల దేవుడు జవాబిచ్చిండు."

వెనక వరుసలో ఒక ఆటో డ్రైవరు, అతని భార్య కూర్చుని ఉన్నారు. అంతకు ముందు ఏడాది వాళ్ల బిడ్డ అదే జ్వరంతో చనిపోయింది. ఆ పిల్ల కోసం కూడా మేము ఉపవాసం ఉన్నాం. ఆ తర్వాత ఆ ఇద్దరూ ఒక్క ఆదివారం మానలేదు, ఒక్కసారీ లేవలేదు. కూడిక అయ్యాక బయట చెప్పులేసుకుంటుంటే నేను అతని భుజం మీద చెయ్యి వేశాను.

"ఏమన్నా, ఎన్నడు సాక్ష్యానికి లెవ్వవు?"

అతను చాలా నెమ్మదిగా, కోపం లేకుండా అన్నాడు: "మాకు మేలు కాలే గదన్నా. అయినోళ్లు లేస్తరు. మేము లేసి ఏం జెప్పాలె? నువ్వేమో ప్రతి ఇంట్ల అయిందంటివి. మా ఇల్లు లెక్కల లేదా?"

అతను భార్యను ఎక్కించుకున్నాడు. ఆటో వెళ్లిపోయింది. నేను ఆ చెప్పుల మధ్య నిలబడి ఉండగానే, అతని మాట నా కాగితం మీద పడింది. అయినవాళ్లే లేస్తారు. పూర్తయినవే లెక్కకు వస్తాయి.

ఆదివారం ఆఫీసు పని ముట్టకూడదని నాకు నియమం. ఆ రోజు ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాను. అందులో అదే రకం డేటాబేస్ చిన్నది ఒకటి పెట్టుకొని, ముప్పై సెకన్ల నియమం పెట్టి, కావాలనే నలభై సెకన్లు పట్టే ప్రశ్న ఒకటి అడిగాను. ముప్పై దగ్గర రద్దయింది. తర్వాత ఆ సమయాల పట్టిక తెరిచి చూశాను. ఆ ప్రశ్న జాడే లేదు. అత్యధిక సమయంలో లేదు, సగటులో లేదు, ఎన్నిసార్లు అడిగారన్న చోటా లేదు. మళ్లీ అడిగాను, మళ్లీ లేదు. పూర్తిచేసిన ప్రశ్నలనే ఆ పట్టిక రాసుకుంటుందని దాని గురించి రాసిన పుస్తకాల్లోనే ఉంది. ఏళ్లుగా చదువుతున్నాను. చదివిన వాక్యం తన మీదికి వచ్చేదాకా మనిషికి అర్థం కాదు.

అంటే, నా నియమం ఎంత ఆలస్యాన్ని చంపితే నా పట్టిక అంత పచ్చగా కనిపిస్తుంది. ప్రోగ్రామర్ అమ్మాయి చెప్పిన ఆ ఇరవై ముప్పై తేడా, నేను చంపినవే.

మరి సోమవారం పది గంటలకు దేనివల్ల ఆలస్యమైంది? నేను తెల్లవారుజామున నాలుగున్నరకు పెట్టిన ఆ పెద్ద పని గుర్తొచ్చింది. ఒకే మనిషికి రెండు పేషంటు నంబర్లు పడితే వాటిని కలిపి ఒకటి చేసే పని అది. దానికి మాత్రం ముప్పై సెకన్ల నియమం లేకుండా పెట్టాను. అది నడిచినంతసేపు రోగుల పట్టికకు తాళం పడుతుంది, ఎవరు వెతికినా బయట ఆగాల్సిందే. తెల్లవారుజామున ఎవరు వెతుకుతారులే అని నాలుగున్నర అని రాశాను. కానీ క్లౌడ్‌లో గడియారం మనది కాదు, ఇంగ్లండు గ్రీనిచ్‌ది. అక్కడ నాలుగున్నర అంటే ఇక్కడ పొద్దున సరిగ్గా పది. పాత యంత్రానికి రాసిన సమయాన్ని అట్లాగే కొత్తదానికి ఎత్తి రాశాను. రాసింది నేనే, రాసినప్పుడు అనుమానం రాలేదు.

మరునాడు సోమవారం. తొమ్మిదిన్నరకే వెళ్లి కౌంటర్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. విచారణ రోజు గదిలో ఉన్న సీనియరే డ్యూటీలో ఉన్నాడు. పది కావస్తుంటే అతను లేచాడు.

"జర చాయ్ తాగొస్త సార్."

"ఇప్పుడే ఎందుకు? జనం నిలబడ్డరు."

"సోమారం పదింటికి ఇది గిట్లనే సార్. ఏం కొట్టినా తిరుగుతది, లేదంటది. రెండు నిమిషాలాగి వస్తే మంచిగైతది."

"ఎప్పటి సంది?"

"క్లౌడ్‌లకు మార్చినప్పటి సంది. తొందరున్నోళ్లకు కొత్త నంబర్ ఏసుడే. అందరికి ఎర్కనే."

నేను అతని కంప్యూటర్లో నా ఫోను నంబరే కొట్టాను. ఆ దవాఖానలో నా రికార్డు ఉంది, షుగరుది. గుండ్రం తిరగడం మొదలైంది. గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నాను. ముప్పై సెకన్లు. "రికార్డు లేదు."

మీరు గమనించారో లేదో, ఆ రెండు నిమిషాల్లో తొందరున్నవాళ్లకు వేసిన కొత్త నంబర్లే వచ్చే సోమవారం కలపాల్సిన జంట నంబర్లు. జంట నంబర్లను కలిపే నా పనే వారం వారం కొత్త జంటల్ని పుట్టిస్తున్నది. ఆ పని ఎంత బాగా జరుగుతోందో కూడా నేను పచ్చ రంగుతో మీటింగులో చూపించేవాణ్ని.

"ఇది పైకి ఎందుకు చెప్పలే?" అని అడిగాను.

సీనియరు నవ్వాడు. "చెప్తే మీరు కాయితం తెస్తరు గద సార్."

"మరి ఆ రోజు విచారణల? ఆ పిల్లకు సోమారం సంగతి తెల్వదు. నీకు తెలుసు. నా పక్కనే ఉంటివి."

అతని నవ్వు పోయింది. "నాకిద్దరు పిల్లలు సార్. మీరు పెద్దమనిషి, ప్రార్థన చేసేటోళ్లు, మీరే అంకెలు పెట్టి చెప్పినంక నేనెట్ల నోరు తెరుస్త? మీ కాయితం ముందట నా మాట ఎంత?"

తెర మీద ఎర్రర్ ఎందుకు రాలేదని ప్రోగ్రామర్ అమ్మాయిని అడిగితే, ఎర్రర్ కనిపిస్తే జనం పరేషాన్ అవుతారని, ఏ తప్పు వచ్చినా "రికార్డు లేదు" అనే చూపించమని మేనేజరు చెప్పినట్టు తెలిసింది. ఆమె దాన్ని అట్లాగే చేసింది. అంటే ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరి పని వాళ్లు చేశారు. మనిషి మాత్రం చనిపోయాడు.

మేనేజరు దగ్గరికి వెళ్లి తలుపు వేసి అంతా చెప్పాను. ఆయన విన్నాడు. 

"ఆ సోమారం డేటాబేస్ రాసుకున్న లాగ్‌లు ఉన్నయా?"

"లేవు. వారం దాటితే పోతయి."

"అంటే రుజువు లేదు."

"ఇయ్యాల మల్ల జరిగింది సార్. వచ్చే సోమారం మీకు చూపిస్త."

"వచ్చే సోమారం దాకా ఎందుకు? ఇయ్యాలే ఆ టైమ్ మార్చేయండి. సరిచేయండి, బస్. మిగతాది మర్చిపోండి." తర్వాత గొంతు తగ్గించాడు. "రిటైర్‌మెంటుకు ఎనిమిది నెలలున్నది మీకు. ఆ కాయితం వెనక్కి తీసుకుంటే పోయేది దవాఖాన పేరు ఒక్కటే కాదు. ఆ ముప్పై ఎవరు పెట్టిండ్రు, ఆ నాలుగున్నర ఎవరు రాసిండ్రు? అన్నీ మీ మీదికే వస్తయి. ఆలోచించుకోండి."

ఆ టైము అదే రోజు మార్చాను. మిగతాది ఆలోచించుకున్నాను. పన్నెండు రోజులు. ఇక్కడ నన్ను నేను మంచిగా రాసుకోవచ్చు, కానీ మీరు నేర్చుకోవలసింది అది కాదు. ఆ పన్నెండు రోజులూ నేను ప్రార్థన చేశాను. దారి చూపించమని మోకాళ్లూనాను. దారి తెలియక అడిగినవాడినైతే అది ప్రార్థన అయ్యేది. నాకు దారి తెలుసు. తెలిసిన జవాబును మళ్లీ మళ్లీ అడగడం వాయిదా వేయడమే. మధ్యలో వచ్చిన ఆదివారం వాక్యం చెప్పే వంతు నాదైతే, గొంతు నొప్పి అని తప్పించుకున్నాను. ఆ అబద్ధమూ లెక్కలో వేసుకోవాలి.

పదమూడో రోజు, శనివారం, పోలీస్ స్టేషన్‌కు వెళ్లి నా చేత్తో రాసి ఇచ్చాను. పాత కాగితం తప్పని, ఎందుకు తప్పో, ఏ నియమం నేను పెట్టానో, ఏ సమయం నేను రాశానో. నకలు ఒకటి ఆ కోడలి వకీలుకు ఇచ్చాను. సోమవారం దవాఖాన గేటు దగ్గరే నా గుర్తింపు కార్డు తీసుకుని పనిలోంచి తీసేశారు. తొమ్మిదేళ్ల సామాను ఒక అట్టపెట్టెలో పట్టింది. ప్రోగ్రామర్ అమ్మాయి ఆ పెట్టె బస్సు దాకా మోసింది. "ఎర్రర్‌ను ఎర్రర్ అనే చూపెడ్తున్న సార్ ఇప్పుడు, ఎవరినీ అడగలే" అంది.

ఇక మిగిలింది ఆ కోడలి ఇల్లు. వకీలు ద్వారా సంగతి ఆమెకు తెలిసే ఉంటుంది. అయినా వెళ్లాలి. చేవెళ్ల నుంచి ఆటోలో వెళ్లాను. వాకిట్లో కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతున్నది. నన్ను చూసి లేచింది. నేను చేతులు జోడించి, తప్పు నాదేనమ్మా, నువ్వు చెప్పింది నిజం అన్నాను. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఆమె తిడుతుందని అనుకున్నాను, తిడితే బాగుండేది.

"మీరు కాయితం చదివినంక నాకే అనుమానమైంది సార్," అంది. "నిజంగ ఎతికిన్నా? వేరే నంబర్ కొట్టిన్నా? గుండ్రం తిరిగిందనుకుంటున్ననా? పండుకుంటే అదే. మా అత్తమ్మ, మా ఆయన, ఎవ్వరు నమ్మకపోయినా ఫికర్ లేకుండె. నన్ను నేనే నమ్మలే సార్. మూడు నెలల పదిహేను రోజులు నేనే సంపిన అనుకున్న."

చేతిలోని కొత్తిమీర కట్ట కింద పెట్టింది.

"కాయితంల రాసిస్తే నాకేం తెలుస్తది? నాకు జూపెట్టుండ్రి," అంది. "గది మల్ల తిరుగుడు నేను జూడాలె."

మరునాడు లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. నా సొంత చిన్న డేటాబేస్, అదే తాళం, అదే ముప్పై సెకన్లు, అట్లాంటి తెరే. ఆమె ముందు పెట్టి, నంబరు కొట్టమన్నాను. కొట్టింది. గుండ్రం తిరగడం మొదలైంది. ఆమె తెరకు దగ్గరగా వంగి చూసింది. ముప్పై సెకన్లు ఎంత పొడుగో నాకు ఆ వాకిట్లో తెలిసింది. "రికార్డు లేదు" అని వచ్చింది.

"గిదే," అంది.  లోపలికి తిరిగి పిలిచింది: "అత్తమ్మా! ఇటు రా, ఇది జూడు!"

అత్త వచ్చి చూసింది. ఆమె మగడు వచ్చి చూశాడు. పక్కింటివాళ్లను పిలిచింది, ఎదురింటివాళ్లను పిలిచింది. ఎవరు వచ్చినా నంబరు తానే కొట్టింది, ప్రతిసారీ ముప్పై సెకన్లు అందరం తెర చూస్తూ నిలబడ్డాం. ఆ ముసలి అత్త రెండుసార్లు చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

అప్పుడు ఆ కోడలు అంది: "ఇంకొక్క కాడికి పోవాలె సార్. నన్ను శాపం పెట్టినామె కాడికి."

చనిపోయినతని ఊరు మొయినాబాద్ అవతల. ఇద్దరం బస్సులో వెళ్లాం. ఆ ఇల్లు చేరాక కోడలు గడప బయటే ఆగిపోయింది. నేను లోపలికి వెళ్లి ఎవరినో చెప్పాను. ఆ భార్య నన్ను, బయట నిలబడ్డ మనిషిని మార్చి మార్చి చూసింది. వెళ్లిపొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. ఏం జరిగిందో చెప్పి, లాప్‌టాప్ బల్ల మీద పెట్టి చూపించాను. గుండ్రం తిరిగింది. ఆమె దాన్ని చూసింది, చివరిదాకా కదలకుండా చూసింది.

"ఇంక జరసేపు ఆగుంటే వస్తుండెనా?" అని అడిగింది.

"వస్తుండె అమ్మా. మహా అంటే ఇంకో నిమిషంనర ఆగుంటే, ఎర్ర గీతతోటి వస్తుండె."

"మరి ఎందుకాగలే?"

"ముప్పైకి ఆపాలని దానికి చెప్పి పెట్టిండ్రు."

"ఎవరు జెప్పిండ్రు?"

"నేనే."

ఆమె కళ్లెత్తి నా వైపు చూసింది. నేను తల దించుకోలేదు, దించుకునే హక్కు కూడా లేదనిపించింది.  ఆమె నన్ను దాటి, గడప బయటికి చూసింది.

"లోపటికి రా చెల్లె," అంది. "కూసో."

కోడలు వచ్చి ఆ మంచం అంచున కూర్చుంది. ఆమె పక్కనే ఆ భార్య కూర్చుంది. నన్ను ఎవరూ కూర్చోమనలేదు. నేను నిలబడే ఉన్నాను.